పల్నాటి పూర్వపక్షం

నాగార్జునకొండ శిథిలాలను నీట మునగకుండా కొండెక్కించాం. అమరావతిలో 125 అడుగుల ధ్యానబుద్ధుణ్ని నిలబెట్టుకున్నాం. ఈ గడ్డ పేరుతో శతాబ్దాల పాటు నలిగిన వాదాలను మాత్రం మన డిగ్రీ విద్యార్థికి పరిచయం చేయలేదు. బౌద్ధ తత్వాన్ని విశ్వవిద్యాలయంలో ఎందుకు చదవాలి? ఎలా చదవాలి?

పల్నాడు పేరెత్తితే ముందు తగవే గుర్తొస్తుంది. 12వ శతాబ్దంలో దాయాదుల మధ్య రాజుకుని, కోడిపందెంతో ముదిరి, కారంపూడి దగ్గర నెత్తురు పారించిన యుద్ధాన్ని ఈ సీమ ఇప్పటికీ వీరుల గుడిలో కొలుచుకుంటోంది. ఎన్నికలొస్తే అదనపు బలగాలను దించాల్సిన చోటుగానే రాజధానిలో పల్నాడు లెక్కకొస్తుంది. కానీ ఆ యుద్ధానికి దాదాపు తొమ్మిది వందల ఏళ్ల ముందు, ఇదే కృష్ణ ఒడ్డున ఇంకో రకం తగవు వర్ధిల్లింది. అందులో ఆయుధం మాట. దాని నియమం కూడా గట్టిదే: ఎదుటివాడి వాదాన్ని ముందు నువ్వే చెప్పాలి, అతను ఒప్పుకునేంత బాగా చెప్పాలి, ఖండన ఆ తర్వాతే. దీన్నే మన పెద్దలు పూర్వపక్షం అన్నారు. బౌద్ధ తత్వాన్ని విశ్వవిద్యాలయంలో చదవాలనడానికి వారసత్వం, పర్యాటకం, శాంతి సందేశం అంటూ చాలా కారణాలు చెబుతుంటారు. వాటన్నిటికన్నా బలమైన కారణం ఈ నియమమే. బౌద్ధ తత్వం అన్నిటికన్నా ముందు వాదించే విద్య. దాన్ని అలా నేర్పినప్పుడే ఆ చదువుకు అర్థం.

చిలకలూరిపేటలో డిగ్రీ చదివే విద్యార్థి సంగతి చూడండి. పేట నుంచి నరసరావుపేట, పిడుగురాళ్ల, మాచర్ల మీదుగా పోతే నాగార్జునసాగర్. గుంటూరు మీదుగా పోతే అమరావతి. 2022లో పల్నాడు జిల్లా ఏర్పడ్డాక నాగార్జునకొండ, అమరావతి స్తూపం రెండూ ఆ విద్యార్థి సొంత జిల్లాలోకే వచ్చాయి. గుంటూరు దాటి విజయవాడ దారి పడితే, 1976లో నాగార్జునుడి పేరు మీదే పెట్టిన విశ్వవిద్యాలయం, అందులో మహాయాన బౌద్ధ అధ్యయన కేంద్రం ఉన్నాయి. ఇంత దగ్గరున్నా ఆ విద్యార్థికి బుద్ధుడు హైస్కూలు సాంఘిక శాస్త్రంలోనే ఆగిపోతాడు. ఆర్యసత్యాలు నాలుగు, మార్గం ఎనిమిది మెట్లు, రెండు మార్కులు. ఆ నాలుగు సత్యాల మీదే తర్వాతి శతాబ్దాల్లో ఎంత పెద్ద రచ్చ జరిగిందో, ఆ రచ్చలో ఆంధ్రులకు ఎంత వాటా ఉందో ఏ దశలోనూ చెప్పేవారుండరు.

ఒకే లోయలో ఇరుపక్షాలు

ముందు శాసనాలు ఏమంటున్నాయో చూద్దాం. 1926లో ఎ.ఆర్. సరస్వతి నాగార్జునకొండ లోయలో శిథిలాలను గుర్తించాక, 1927 నుంచి 1931 దాకా లాంగ్‌హర్స్ట్, ఆ తర్వాత 1938లో టి.ఎన్. రామచంద్రన్ తవ్వకాలు జరిపారు. సాగర్ డ్యామ్ కింద లోయ మునిగిపోతుందని తేలాక 1954-60 మధ్య ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో భారీ ఎత్తున తవ్వారు. క్రీస్తు శకం 3, 4 శతాబ్దాల్లో ఇక్ష్వాకులు ఏలిన విజయపురి అలా బయటపడింది. వంశకర్త శాంతమూలుడు అశ్వమేధం చేసిన వైదికుడు. అతని తోబుట్టువు శాంతిశ్రీ బౌద్ధ మహాచైత్యానికి దాత. ఒకే ఇంట్లో రెండు దారులన్నమాట. బౌద్ధం లోపల కూడా దారి ఒక్కటి కాదు. మహాచైత్యం దగ్గర అపరశైలీయులు, రాణి భట్టిదేవ కట్టించిన విహారంలో బహుశ్రుతీయులు, వనవాసి రాజుకు ఇచ్చిన ఆడపడుచు కొడబలిశ్రీ విహారంలో మహీశాసకులు ఉండేవారు. వీళ్లు కాక సింహళం నుంచి వచ్చిన థేరవాదులు. ఇన్ని శాఖల వాళ్లు ఒక్క లోయలో ఇరుగుపొరుగుగా బతికారు.

వీటిలో ఒక శాసనాన్ని దగ్గరగా చూడాలి. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 14వ పాలనా సంవత్సరంలో బోధిశ్రీ అనే ఉపాసిక వేయించింది అది. ఆమె రాణి కాదు, రాజకుమారి కాదు, ఒక గృహిణి. తన చైత్యగృహాన్ని సింహళ థేరవాద ఆచార్యులకు అంకితం చేస్తూ, వాళ్ల ధర్మం చేరిన దేశాలను వరసపెట్టి చెప్పింది: కాశ్మీరం, గాంధారం, చీనా, తోసలి, అపరాంతం, వంగ, వనవాసి, యవన, దమిళ, తామ్రపర్ణి. పుణ్యంలో భాగం ఇవ్వడానికి పుట్టింటి వాళ్లను, అత్తింటి వాళ్లను పేరుపేరునా తలుచుకుంది. ఆనాటి పల్నాటి ఇల్లాలికి ప్రపంచం ఎంతదాకా తెలుసో ఈ ఒక్క రాయి చెబుతుంది.

ఇప్పుడు దీని పక్కన పాళీ గ్రంథం ఒకటి పెట్టి చూడండి. అభిధమ్మ పిటకంలోని కథావత్థు 23 వర్గాల్లో 200కు పైగా వివాదాంశాలను ప్రశ్న, జవాబు పద్ధతిలో నడిపిన పుస్తకం. అందులో వాది ఉంటాడు, ప్రతివాది ఉంటాడు. ఆ ప్రతివాది ఎవరో మూలం చెప్పదు. బుద్ధఘోషుడి పేర వెలసిన అట్ఠకథ చెబుతుంది. చాలా చోట్ల అది ఇచ్చే జవాబు ‘అంధకులు’, అంటే ఆంధ్ర శాఖలవాళ్లు. అంధకులంటే పుబ్బసేలియులు, అపరసేలియులు, రాజగిరికులు, సిద్ధత్థికులు అని వివరిస్తుంది కూడా. ఆ అపరసేలియులే నాగార్జునకొండ శాసనాల్లోని అపరశైలీయులు. ఈ గ్రంథాన్ని కంటికి రెప్పలా కాపాడుకున్నది సింహళంలోని మహావిహార సంప్రదాయం. ఆ మహావిహారవాసుల ప్రస్తావన కూడా ఇదే లోయలోని శాసనంలో ఉంది. అంటే పుస్తకంలో తలపడ్డ రెండు పక్షాలవాళ్లకూ ఈ లోయలో చోటుండేదన్నమాట. వాళ్లు ఎదురెదురుగా కూర్చుని వాదించారని శాసనం చెప్పదు. ఒకే ఊళ్లో దానం అందుకున్నారని మాత్రం చెబుతుంది. మన వాదానికి అంతకన్నా అక్కర్లేదు.

ఆ వాదం ఎలా నడిచేదో ఒక ఉదాహరణ చూద్దాం. బుద్ధుడి మాట లోకోత్తరమైనదని అంధకుల పక్షం. వినడానికి ఇది భక్తిగా, నిరపాయంగా ఉంటుంది. థేరవాది మాత్రం వదలడు. ఆ మాట లోకోత్తరమైతే మామూలు చెవికి వినపడదా? ఆర్యులకే వినపడి, సామాన్యులకు వినపడకుండా పోయిందా? సామాన్యులూ విన్నారని ప్రతివాది ఒప్పుకోక తప్పదు. ఒప్పుకున్నాక మొదటి మాట నిలబడదు. ఇక్కడ బుద్ధుడి మీద గౌరవం ఎవరికీ తక్కువ లేదు. అయినా గౌరవం అడ్డుపెట్టి వాదాన్ని తప్పించుకోనివ్వలేదు. డిగ్రీ తరగతిలో ఈ ఒక్క వివాదాన్ని గంటసేపు నడిపిస్తే చాలు, భక్తికీ తర్కానికీ మధ్య గీత ఎక్కడుందో విద్యార్థికి తెలిసిపోతుంది.

ఖండనకు ముందు ఆరు శ్లోకాలు

ఈ విద్య పరాకాష్ఠకు చేరింది ఆచార్య నాగార్జునుడి దగ్గర. మూలమధ్యమకకారికలో 27 ప్రకరణాలు, దాదాపు 450 కారికలు ఉన్నాయి. వాటిలో 24వ ప్రకరణం ఆర్యసత్యాల పరీక్ష. అందులోని 40 కారికల్లో మొదటి ఆరు ప్రత్యర్థివి. అన్నీ శూన్యమైతే పుట్టడం లేదు, నశించడం లేదు. అప్పుడు దుఃఖం లేదు, దాని కారణం లేదు, దాన్ని పోగొట్టే మార్గం లేదు. సాధకుడు లేడు, సంఘం లేదు, ధర్మం లేదు, చివరికి బుద్ధుడే లేడు. లోక వ్యవహారమంతా కూలిపోతుంది. నాగార్జునుడి మీద ఇంతకన్నా పెద్ద ఆరోపణ తర్వాతి కాలంలో ఎవరూ చేయలేకపోయారు. దాన్ని ఆయనే రాసి, తన పుస్తకంలోనే చోటిచ్చాడు. ఆ తర్వాత అదే ఆరోపణను ప్రత్యర్థి వైపు తిప్పాడు. వస్తువులకు దేని మీదా ఆధారపడని సొంత స్వభావం ఉంటే అవి మారవు. మారనప్పుడు దుఃఖం పుట్టదు, పుట్టిన దుఃఖం పోదు. అజ్ఞాని జ్ఞాని కాలేడు. నువ్వు నిలబెట్టాలనుకున్న నాలుగు సత్యాలను కూల్చేది నా శూన్యత కాదు, నీ స్వభావవాదమే అన్నాడు.

విగ్రహవ్యావర్తనిలో ఈ పద్ధతి ఇంకా ఖచ్చితంగా కనిపిస్తుంది. 70 కారికల పుస్తకంలో తొలి 20 పూర్తిగా ఆక్షేపాలకే ఇచ్చాడు. అన్నీ శూన్యమైతే ఆ మాట కూడా శూన్యమే కదా, అదింకా దేన్ని ఖండిస్తుంది అన్నది మొదటి ఆక్షేపం. నాగార్జునుడు మెలికలు తిప్పకుండా ఒప్పుకుంటాడు. అవును, నా మాట కూడా హేతు ప్రత్యయాల మీద ఆధారపడి పుట్టిందే. బండి, కుండ, బట్ట కూడా అలా పుట్టినవే. అయినా బండి కట్టెలు మోస్తుంది, కుండ నీళ్లు పడుతుంది, బట్ట చలి ఆపుతుంది. అలాగే నా మాట కూడా దాని పని అది చేస్తుంది. శూన్యవాదం అంటే ఏమీ లేదనడమేననీ, జీవితం మీద విరక్తి పుట్టిస్తుందనీ భయపడేవారికి ఈ జవాబు చాలు. బండీ కుండా బట్టా ఉన్న లోకమే ఇది. వాటిని ఒంటరిగా నిలబడే వస్తువులుగా ఊహించడమే పొరపాటన్నది ఆయన పక్షం. దీన్ని ఒప్పుకోనక్కర్లేదు. కాదనాలంటే మాత్రం ఆయన 20 ఆక్షేప కారికలకు 21వది చేర్చాలి. ఆ ప్రయత్నమే చదువు.

ఇక్కడ ఒక పాత అభ్యంతరం వినాలి. నాగార్జునుడు నాగార్జునకొండ వాడేనని రుజువేముంది? సూటిగా చెప్పాలంటే, లోయలోని ఇక్ష్వాకు శాసనాలు ఆ కొండను శ్రీపర్వతం అంటాయి, నగరాన్ని విజయపురి అంటాయి. తత్వవేత్త నాగార్జునుడి పేరు వాటిలో లేదు. జగ్గయ్యపేటలో దొరికిన బుద్ధ విగ్రహం మీది శాసనం భదంత నాగార్జునాచార్యుణ్ని ప్రస్తావిస్తుంది. కానీ దాని లిపి కొన్ని శతాబ్దాల తర్వాతిది. ఆ పేరున్న మరో ఆచార్యుడు కావచ్చు. శాతవాహన రాజుతో స్నేహం, శ్రీపర్వత వాసం అన్నవి సంప్రదాయం చెప్పే మాటలు. ఈ సంగతి దాచిపెట్టి ‘మన నాగార్జునుడు’ అని జబ్బలు చరుచుకోవడం ఆయన పద్ధతికే విరుద్ధం. పైగా మన వాదం ఆయన జన్మస్థలం మీద నిలబడి లేదు. అంధకులున్నారు, అపరశైలీయుల శాసనాలున్నాయి, కథావత్థు ఉంది. ఆధారం ఎంతవరకు ఉందో అంతవరకే చెప్పడం విశ్వవిద్యాలయం పని. బౌద్ధ అధ్యయనంలో విద్యార్థి నేర్చుకోవాల్సిన మొదటి పాఠం కూడా అదే కావచ్చు.

చైనా నుంచి వచ్చిన విద్యార్థి

ధాన్యకటకం, అంటే నేటి అమరావతి-ధరణికోట, ఈ విద్యకు ఎంత పేరు మోసిందో క్రీస్తు శకం 640 ప్రాంతంలో వచ్చిన హ్యూయెన్‌త్సాంగ్ కథ చెబుతుంది. అప్పటికే ఆయన నలందలో చదివి పేరు తెచ్చుకున్న పండితుడు. అయినా ధాన్యకటకంలో కొన్ని నెలలు ఆగి, సుభూతి, సూర్య అనే ఇద్దరు భిక్షువుల దగ్గర మహాసాంఘిక శాఖ అభిధర్మం చదువుకున్నాడని ఆయన జీవితచరిత్ర చెబుతోంది. ఆ ఇద్దరూ తిరిగి ఆయన దగ్గర మహాయాన శాస్త్రాలు చదివారు. గురువెవరో శిష్యుడెవరో తేల్చలేని చదువది. మన జిల్లాలో విదేశీ విద్యార్థి చేరిన తరగతి గురించి లిఖితపూర్వక సాక్ష్యం ఇంత స్పష్టంగా మరొకటి దొరకదు.

మధ్యమక పండితుడు భావవివేకుడు ధాన్యకటకం దగ్గరే ఉండేవాడని కూడా హ్యూయెన్‌త్సాంగ్ రాశాడు. 6వ శతాబ్దపు ఈ పండితుడి మధ్యమకహృదయం సాంఖ్యం, వైశేషికం, మీమాంస, వేదాంతం, యోగాచారం ఒక్కొక్కటీ ఏం చెబుతున్నాయో ముందు వివరించి, ఆ తర్వాత వాటిని ప్రశ్నిస్తుంది. ఫలితం విచిత్రం. శంకరుడికి ముందు వేదాంతం ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే పరిశోధకులు ఈ బౌద్ధుడి పుస్తకం తెరుస్తారు. ప్రత్యర్థిని వక్రీకరించి రాసి ఉంటే ఆ పుస్తకానికి ఈ విలువ వచ్చేది కాదు. పూర్వపక్షాన్ని నిజాయితీగా రాస్తే అది ప్రత్యర్థికి కూడా చరిత్రగా మిగులుతుందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. మన టీవీ చర్చల్లో నలుగురు ఒకేసారి అరిచే గంట కార్యక్రమం నుంచి వందేళ్ల తర్వాత ఎవరికైనా ఏం మిగులుతుంది?

మూడు అభ్యంతరాలు

మొదటిది తల్లిదండ్రుల నుంచి వస్తుంది, న్యాయంగానే వస్తుంది. పత్తి ధర, మిర్చి ధర ఏటా దోబూచులాడే చోట, స్పిన్నింగ్ మిల్లు జీతంతో పిల్లల ఫీజులు కట్టే ఇంట్లో, ‘బౌద్ధ తత్వం తిండి పెడుతుందా?’ అని అడగడం తప్పు కాదు. ఒక్క ఎం.ఏ. పట్టా చేతికొచ్చినంత మాత్రాన ఉద్యోగం రాదు, ఈ మాట దాచకూడదు. ఉన్న అవకాశాలు కొన్నే: యూజీసీ నెట్‌లో బౌద్ధ, జైన, గాంధేయ, శాంతి అధ్యయనాలు ఒక సబ్జెక్టు, సివిల్స్ మెయిన్స్ ఐచ్ఛికాల్లో తత్వశాస్త్రం ఉంది, అందులో బౌద్ధం తప్పనిసరి, పాళీ, ప్రాకృతం, బ్రాహ్మీ లిపి వచ్చినవారికి పురావస్తు, మ్యూజియం రంగాల్లో చోటుంది. కానీ అడుగుతున్నది పేటలోని పిల్లలందరినీ ఎం.ఏ.లో చేర్చమని కాదు. రాష్ట్రంలో డిగ్రీకి 2023లో ఒకే మేజర్, తోడుగా మైనర్ పద్ధతి వచ్చింది. కామర్సు, కంప్యూటర్సు, చరిత్ర చదివే విద్యార్థికి ఈ వాదవిద్యను ఒక మైనర్‌గా అందుబాటులో పెట్టమని మాత్రమే కోరుతున్నది. లాయరుకు, విలేకరికి, ఆడిటరుకు, గ్రూప్స్ రాసే అభ్యర్థికి ఎదుటి పక్షాన్ని పూర్తిగా రాసి జవాబివ్వడం కన్నా పనికొచ్చే నేర్పు ఏముంటుంది?

రెండో అభ్యంతరం సెక్యులర్ వాదులది. ప్రభుత్వ సొమ్ముతో ఒక మతాన్ని బోధించవచ్చా? రాజ్యాంగం 28వ అధికరణం పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధ వద్దంటోంది. 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు మతబోధ వేరు, మతాల గురించిన అధ్యయనం వేరు అని తేల్చింది. కోర్టు తీర్పు కన్నా గట్టి జవాబు విషయంలోనే ఉంది: ప్రతి సిద్ధాంతాన్నీ దాని ప్రత్యర్థితో కలిపి చదివే కోర్సు మతప్రచారానికి పనికిరాదు. నాగార్జునుణ్ని నైయాయికులతో, భావవివేకుణ్ని శంకరుడితో, అంధకులను థేరవాదులతో కలిపి చదవాల్సిందే. ప్రభుత్వాలు బౌద్ధాన్ని తలచుకునే తీరులోనే అసలు ప్రమాదం ఉంది. 2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్ర జరిపినప్పుడు లోకమంతా వచ్చింది, వెళ్లింది. సాగర్‌కు ఆవలి ఒడ్డున తెలంగాణ 274 ఎకరాల్లో బుద్ధవనం కట్టింది. ఇవి తప్పని కాదు. చూసి దండం పెట్టుకునే బుద్ధుడికి ఇంత ఖర్చు పెట్టినప్పుడు, ప్రశ్నలు అడిగే బుద్ధుడికి రెండు అధ్యాపక పోస్టులు ఎక్కువేం కాదు.

మూడోది అన్నిటికన్నా లోతైనది. అంబేడ్కర్ బాటలో బౌద్ధాన్ని చేరుకున్నవారు వేసేది. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో లక్షలాది మంది బౌద్ధం స్వీకరించింది కులం నుంచి బయటపడటానికి. వాళ్లకు కావలసింది సమానత్వం. శూన్యత మీద శ్లోకాలు తీరిక ఉన్నవాళ్లకే కదా? ఈ ప్రశ్నలో బలం ఉంది. పండితుల బౌద్ధం చాలాసార్లు సమాజం వైపు చూడలేదు. కానీ అంబేడ్కర్ స్వయంగా ఏం చేశాడో చూడాలి. 1957లో వెలువడిన ‘బుద్ధుడు, ఆయన ధమ్మం’ ముందుమాటలో ఆయన నాలుగు సమస్యలు ఎత్తాడు: సిద్ధార్థుడు ఇల్లు వదలడానికి చెప్పే కారణం నమ్మదగిందేనా? ఆర్యసత్యాలు బుద్ధుడి అసలు బోధలో భాగమేనా? ఆత్మ లేనప్పుడు కర్మ, పునర్జన్మ ఎలా కుదురుతాయి? భిక్షువు ఉన్నది తన కోసమా, సమాజం కోసమా? ఇవి భక్తుడి ప్రశ్నలు కావు, పూర్వపక్షి ప్రశ్నలు. ఆయన పాళీ నేర్చుకున్నాడు, నిఘంటువు కూర్చుకున్నాడు. అంబేడ్కర్‌కు నిజమైన వారసుడు కావాలంటే ఆయన జవాబులు బట్టీపట్టడం చాలదు. ఆయన పోరాడిన గ్రంథాలతో పోరాడటం రావాలి. ఆ అవకాశం ఇన్నాళ్లూ చదువు కొన్ని కులాలకే దక్కడం వల్ల దూరమైంది. ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఉన్నది ఆ తలుపు తెరవడానికే.

ఏం చదవాలి, ఎలా చదవాలి

మూలాలు సంస్కృతం, పాళీ, టిబెటన్, చైనీస్ భాషల్లో ఉన్నాయి, మన పిల్లల వల్ల అవుతుందా అన్న బెరుకు సహజం. కుమారజీవుడు నాగార్జునుడి కారికలను వ్యాఖ్యతో సహా 409లో చైనీస్‌లోకి తెచ్చాడు. చంద్రకీర్తి వ్యాఖ్య ప్రసన్నపద సంస్కృత పాఠం 1903-13 మధ్య రష్యాలో అచ్చయింది. విగ్రహవ్యావర్తని సంస్కృత మూలాన్ని రాహుల్ సాంకృత్యాయన్ టిబెట్ నుంచి తెచ్చాక 1937లో వెలుగు చూసింది. ఇతరులు ఇంత శ్రమపడ్డాక మనం తెలుగులో మొదలుపెట్టడానికి జంకాల్సిన పని లేదు. తెనాలి దగ్గరి సంగం జాగర్లమూడిలో పుట్టిన కొత్త సచ్చిదానందమూర్తి 1971లో నాగార్జునుడి మీద నేషనల్ బుక్ ట్రస్టుకు పుస్తకం రాశారు, తత్వశాస్త్ర ఆచార్యుడిగా జాతీయ స్థాయికి ఎదిగారు. అంటే ఈ ప్రాంతపు చదువు ఈ గ్రంథాలను మోయగలదు.

కోర్సును చిన్నగానే పెట్టవచ్చు. కథావత్థు నుంచి అంధకుల వివాదాలు పది, మూలమధ్యమకకారికలో 24వ ప్రకరణం, విగ్రహవ్యావర్తని మొత్తం, భావవివేకుడి వేదాంత విచారం, అంబేడ్కర్ నాలుగు సమస్యలు: ఏడాదికి ఇవి చాలు. తెలుగు అనువాదాలతో మొదలుపెట్టి, ఆసక్తి ఉన్నవారికి సంస్కృతం, పాళీ చెప్పాలి. ప్రాకృతం, బ్రాహ్మీ లిపి మాత్రం అందరికీ చెప్పాలి. బోధిశ్రీ శాసనాన్ని నాగార్జునకొండకు వెళ్లి చదవడం పల్నాడు విద్యార్థికి సులువు, హార్వర్డు విద్యార్థికి కష్టం. పరీక్షలో వ్యాసరూప ప్రశ్నకు మార్కుల్లో సగం పూర్వపక్షానికి కేటాయించాలి: తనకు నచ్చని వాదాన్ని ఎంత బలంగా రాయగలిగాడన్నదానికి. గైడ్లు కొని బట్టీపట్టే పద్ధతిని దెబ్బతీయడానికి ఇంతకన్నా తేలిక మార్గం లేదు. ఎందుకంటే పూర్వపక్షం రాయాలంటే ముందు అర్థం కావాలి.

ఈ కోర్సు పూర్తి చేసిన విద్యార్థి బౌద్ధుడు కానక్కర్లేదు. నాగార్జునుడితో ఏకీభవించనక్కర్లేదు, అంధకుల పక్షం వహించనక్కర్లేదు. కాదన్న చోట ఎందుకు కాదంటున్నాడో, కాదనే ముందు వాళ్లేమన్నారో తప్పు పోకుండా రెండు పేజీల్లో రాయగలిగితే చాలు. ఆ రెండు పేజీలు రాయించలేని పట్టా మీద నాగార్జునుడి పేరు ఎంత పెద్ద అక్షరాల్లో ఉన్నా ప్రయోజనం లేదు.